చిటికెన వేలు

బరంపురం లైబ్రరీ నించి తెచ్చిన లావుపాటి నవల.
బర్మా యుద్ధం. అట్ట మీద అడవి, పొగ,
టోపీ సర్దుకుంటున్న ఒక కెప్టెన్.
ఇంగ్లీషులో చదువుకుని తెలుగులో చెబుతున్నాను,
గోపాల్‌పూర్ నోళియా సాహి చివరింట్లో,
సూరాడ దాలమ్మకి.
వల బాగుచేస్తూ వింటుంది.
కంటికి ఆనదు గానీ
ఎక్కడ తెగిందో వేళ్ళకి తెలుసు.

మొదటి యాభై పేజీలూ బాంబులే.
రాసినవాడు సామాన్యుడు కాడు,
రంగం తగలబడుతుంటే ఆకాశానికి ఎన్ని ఎరుపులు పూశాడో!
కెప్టెన్ గుర్రం చచ్చిపోయినప్పుడు
పేజీన్నర ఏడిపించాడు.
నాకూ గొంతు పట్టేసింది, ఒప్పుకుంటాను.
దాలమ్మ కండె ఆపలేదు.
"గుర్రానికి పేరుందేటి బాబూ?"
ఉంది. డైసీ.
"మంచిదే" అంది.

ఇదే ఒడ్డున, అయ్య భుజమ్మీద పడవెక్కి,
అలల అవతల ఓడలోకి మారి
రంగం చేరినప్పుడు ఆమెకి ఏడేళ్ళు లేవు.
అయ్య బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు.
తిరిగొచ్చేటప్పటికి ఓడల్లేవు. కొండలు.
"రొండు తోవలు బాబూ.
తెల్లోల్ల తోవలో డేరాలు, టీనీల్లు.
మన తోవలో మనమే.
ముందెల్లినోలు ఎక్కడెక్కడ పడిపోనారో
దాన్నిబట్టే తోవని తెలిసీది."

నవల్లో తోవ ఒకటే.
ముందుకీ వెనక్కీ తిప్పి వెతికాను.

రెండువందల పన్నెండో పేజీలో వాన.
కెప్టెన్ ప్రియురాలికి ఉత్తరం రాసుకుంటున్నాడు.
'చీకట్లోంచి ఒక నల్లని చెయ్యి
లాంతరు పైకెత్తి పట్టుకుంది.'
ఒక్క వాక్యం.
తర్వాత మళ్ళీ ఉత్తరమే, మూడు పేజీలు.

కండె ఆగింది.
"ఏ సెయ్యి?"
రాయలేదమ్మా.
"సిటికినేలుందో నేదో సూడు.
మా అయ్యకి ఎడంసేతికి నేదు, మిల్లులో తెగిపోనాది.
దీపం పట్టుకోడానికి రమ్మని ఓ దొర పిలిసినాడు.
రొండ్రూపాయలిత్తానన్నాడని ఎల్లినాడు.
మరింక రానేదు."

పుస్తకాన్ని బల్బు కిందికి తెచ్చాను,
అక్షరాల వెనక ఇంకేమన్నా ఉంటుందన్నట్టు.
చెయ్యి ఉంది. లాంతరు ఉంది.
మోచేతికి పైన ఎవరూ లేరు.

ఆఖరి బస్సులో ఆ రచయితని తిట్టుకుంటూ కూచున్నాను.
కోపం హిల్‌పట్నా మలుపు దాకా కూడా నిలవలేదు.
నేను తెలుగు మేష్టర్ని.
రాక్షసుల ఒళ్ళు కాటుక కొండ అని
ఇరవయ్యేళ్ళుగా తాత్పర్యం అప్పజెప్పించుకుంటున్నాను.
యుద్ధఘట్టంలో ఆ తలలు తాటిపళ్ళలా రాలతాయి,
నేను బల్ల మీద దరువేస్తాను,
పిల్లలు చప్పట్లు.
సెరంగో కొండల నించి వచ్చి
హాస్టల్లో ఉండి చదివిన మిఖాయ గొమాంగో
మూడో బెంచీ, గోడవైపు.
వాడు చప్పట్లు కొట్టేవాడా?
ఎంత గుర్తుచేసుకున్నా
వాడి మొహమే వస్తోంది, చేతులు రావడం లేదు.
పద్యం మాత్రం గణాలతో సహా వస్తోంది.

పుస్తకం తిరిగిచ్చే ముందు
ఆ పేజీ అంచున పెన్సిల్‌తో రాశాను:
ఎడమ చెయ్యి. చిటికెన వేలు లేదు.
సూరాడ ఎర్రయ్య, గోపాల్‌పూర్.
కూతురు అడుగుతోంది.

లైబ్రేరియన్ పాణిగ్రాహి బాబు
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
ఒక్కో పేజీ తిప్పి మరీ పట్టుకున్నాడు.
రబ్బరు చేతికిచ్చాడు.
చెరపనన్నాను.
ఐదు రూపాయల జరిమానా.
రసీదు ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది,
ఒడియాలో, గుండ్రటి దస్తూరీతో:
పుస్తకం పాడుచేసినందుకు.