దేన్ కాదు, టు

జీడిపప్పు మిల్లు పైగదిలో
రాత్రి ఏడున్నరకి నా ఇంగ్లీషు క్లాసు.
కింద బాయిలరు చల్లారుతున్న వాసన,
కాశీబుగ్గ సందులో ఆటోల గోల.
విదేశీ కొనుగోలుదార్లు వస్తారట,
ఇద్దరైనా మాట్లాడగలగాలని
యజమాని పంపిన పదకొండు మంది ఆడవాళ్లు.

బోర్డు మీద రాశాను:
ఐ ప్రిఫర్ టీ టు కాఫీ.
ప్రిఫర్ ఉంటే టు వస్తుంది, దేన్ రాదు,
ఇదొక్కటి గుర్తుంచుకోండి చాలు.

దాలమ్మ చెయ్యెత్తింది.
జీడి రసానికి వేలిముద్రలు చెరిగిన చెయ్యి,
రేషన్ మిషను మూడుసార్లు కాదన్న చెయ్యి.
"కంటే అంటే దేన్ అని మొన్న మీరే సెప్పినారు గదా సారూ.
కాఫీ కంటే టీ ఇష్టం.
మరా కంటే ఏటైపోనాది?"

నా దగ్గర జవాబు లేదు.
రూలు ఉంది.
ఆ రూలునే కాస్త గట్టిగా మళ్లీ చదివాను.

ఇక ఒక్కొక్కరూ సొంత వాక్యం చెప్పాలి.
కవిటి నుంచి వచ్చే నీలవేణి
మాంసం కంటే చేపంది,
తడబడకుండా టు వేసింది.
దాలమ్మ వంతు.
ఐ ప్రిఫర్... అని ఆగింది.
ఆ ఖాళీలోంచి
పలాస స్టేషన్ దాటి ఒక గూడ్సు మొత్తం పోయింది.

"ఏటి పెట్టాలి సారూ అక్కడ?
గుండు ఒకపక్క, బద్ద ఒకపక్క, ముక్క ఒకపక్క,
రోజల్లా ఏరతాను గానీ
నాకేటి కావాలో ఎవులూ అడగనేదు."

పిరికివాణ్ని, పాఠం మార్చేశాను.
ఉడ్ రేదర్.
ఇక్కడ మాత్రం దేన్ వస్తుంది.
దీనికి సరైన తెలుగు లేదు, అని కూడా అన్నాను.

"నేకపోడమేటి?" దాలమ్మ నవ్వింది.
"పస్తైనా ఉంటాను గానీ ఆడి గుమ్మం తొక్కను.
మాయమ్మ అనీది.
రేదరంటే అదే గదా?"

అదే.
ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను,
ఐనాకీ గానీకీ మధ్య అది కూర్చుని ఉందని
ఒక్కసారీ తట్టలేదు.

సుద్దముక్క అడిగి తీసుకుంది.
ఒక్కో అక్షరం గోడకి మేకు కొట్టినట్టు రాసింది:
ఐ ఉడ్ రేదర్ స్టాండ్ దేన్ సిట్.

పొద్దున్న ఎనిమిది నుంచీ
పీట మీద కూర్చుని పప్పు ఒలిచిన మనిషి.
తప్పు ఎక్కడుందా అని అలవాటుగా వెతికాను.
లేదు.

క్లాసు అయ్యేదాకా
గోడకి చేరబడి నిలబడే ఉంది.
ముందు బెంచీ ఖాళీ.
కూర్చోమని నేను అనలేదు.