ఐదూ, ఆరో వంతూ

ఒక సీటు.
రాత్రీ పగలూ ఖాళీ కాకూడని సీటు,
హొయ్సళ బండిలో, డ్రైవరు పక్కన.
దానికి ఎంతమంది కావాలో లెక్కగట్టి పంపమన్నారు
సోమవారం పదింటికల్లా.

ముగ్గురు, అన్నాడు కొత్త ఎస్సై ధరణేంద్ర.
మూడెనిమిదులు ఇరవై నాలుగు.
ఎక్కం తప్పు కాదు సార్,
మనుషులే ఎనిమిదికి లొంగరు.

స్టేషన్ రైటర్ని నేను. ముళబాగిలు పక్క పల్లె.
మా నాయన ఒకే బోరు కింద పదకొండు మళ్ళకి
నీళ్ళ వంతులు చూసేవాడు,
కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు, లాంతరు పట్టుకుని.
ఎవరి వంతూ తగ్గకూడదు, ఎవరి గట్టూ తెగకూడదు.
ఆ పనే నాకూ వచ్చింది,
నీళ్ళ బదులు కానిస్టేబుళ్ళు.

మూడువందల అరవై ఐదులోంచి
వారానికో సెలవు తీశాను, యాభై రెండు.
కాగితం మీద తీసినంత తేలిగ్గా
ఆ సెలవు ఫకీరప్పకి ఎన్నడూ దొరకలేదు.
ఆర్జిత సెలవు ముప్పై, క్యాజువల్ పదిహేను.
కోర్టు మెట్ల మీద పిలుపు కోసం
కూర్చునే రోజులు పన్నెండు.
కరగకీ గణేశుడికీ క్రికెట్టుకీ మంత్రిగారి దారికీ కలిపి ఇరవై.
శిక్షణ ఆరు. పండుగలు పది.
జ్వరం ఎనిమిది అని వేస్తుంటే వినుత నవ్వింది:
మా పాపకి దద్దుర్లొస్తే
అది ఏ గడిలో సార్?

మిగిలినవి రెండువందల పన్నెండు.
ఏడాదికి షిఫ్టులు వెయ్యిన్నీ తొంభై ఐదు.
భాగిస్తే ఐదుగురు,
ఆపైన ఒక మనిషిలో ఆరో వంతు.

రెండు బళ్ళు, బండికి ఇద్దరు. ఇరవై ఒక్కరు కావాలి.
ఉన్నది పద్నాలుగు.
లేని ఏడుగురికీ బీటు పుస్తకంలో వీధులున్నాయి,
సంతకాల గడులున్నాయి,
తలా ఒక టార్చిలైటు ఇండెంటులో ఉంది.

ఆదివారం రాత్రి రెండూ నలభై.
హొరమావు నాలుగో క్రాసు నుంచి ఫోను,
ఎవరో తాళాన్ని గీకుతున్నారని.
ఒక బండి రింగురోడ్డులో, బోల్తాపడ్డ పాల లారీ దగ్గర.
రెండోదానికి డ్రైవరున్నాడు, పక్కన మనిషి లేడు.
పెన్ను జేబులో పెట్టుకుని నేనే ఎక్కాను.
పందొమ్మిది నిమిషాలు.

వాడు పోయాడు. తాళం మీద తెల్లటి గీతలు.
లూర్దమ్మ తలుపు వెనకే ఉంది,
అరవై దాటిన మనిషి, ఒంటరి, చేతిలో పచ్చడిబండ.
ఇంట్లో ఉన్న లైట్లన్నీ వేసి
లేని కొడుకుల్ని పేరుపెట్టి పిలిచిందట అరవంలో,
ఒరే స్టీఫెన్, ఆ కర్ర తే,
ఆరోగ్యదాస్, మేడమీంచి దిగు, పోలీసులొచ్చారేమో చూడు!

తిట్టలేదు. గోడ గడియారం చూపించింది,
పెద్దముల్లు ఎక్కడుండేదో, ఎక్కడికొచ్చిందో
వేలితో.

ఇరవై ఒకటని రాసి పంపాను.
గురువారం తిరిగొచ్చింది కాగితం,
అంచున ఎర్రసిరాతో ఈ ఊరి మంత్రం:
స్వల్ప అడ్జస్ట్ మాడి.

మళ్ళీ గీతలు గీస్తున్నాను.
పద్నాలుగు పేర్లు, అటు తీసి ఇటు వేసి.
వినుతకి మంగళవారం రాత్రి తప్పించాను,
అది ఫకీరప్ప మీద పడింది. వాడేమీ అనడు, అదే బాధ.
నాలుగో క్రాసు గడి దగ్గర స్కేలు ఆగింది.
అక్కడ, పెన్సిలుతో,
చెరపడానికి వీలుగా పలచగా రాశాను
ఆరో వంతు మనిషి పేరు:
ఆరోగ్యదాస్.