అగ్గిపెట్టె

మొదటి స్లైడు మీద నేనే రాశాను:
"కొబ్బరి పీచు. బయటినుంచి పడింది."
పచ్చ ఇంకు, పొట్టి సంతకం.
అంబాజీపేట నుంచి వచ్చే ప్రతి కళ్లెలో
ఏదో ఒక పోగు ఉంటుంది.
పీచు మిల్లుల గాలి అలాంటిది.
కాకినాడ ఆసుపత్రిలో రోజుకి నలభై డబ్బాలు,
ఏ పోగు దగ్గరని ఆగను?

నేలపూడి ఎస్తేరు, ముప్పై రెండు.
క్షయ క్రిమి ఒక్కసారీ కనబడకుండానే
ఆర్నెల్లు క్షయ మాత్రలు మింగింది.
ఒంటేలు ఎర్రబడింది, దగ్గు తగ్గలేదు.

ముసురు పట్టిన రోజు ల్యాబు కిటికీ దగ్గరికి తనే వచ్చింది.
కొంగుముడిలోంచి అగ్గిపెట్టె తీసింది.
పుల్లలు లేవు. మూడు పోగులు,
కడిగి, ఆరబెట్టి.

"పీచు నాకు తెల్దా అండి?
పదకొండేళ్లు పీకాను.
ఒకటి కాల్చి చూశానండి.
పీచు కాలితే మట్ట వాసనొస్తది.
ఇది నెత్తి మాడిన కంపు."
"అన్నంలో పడిందేమో."
"నాది రింగుల జుట్టండి. ఇది తిన్నగా ఉంది."
"మరి ఎవరిది?"
"అది మీరు చెప్పాలండి. ఆయ్."

మైక్రోస్కోపు కింద పెట్టాను.
పీచయితే మొక్క కణాల గొట్టాలు కట్టగట్టినట్టుండాలి.
ఇది పండుగప్పలాగా పొలుసు మీద పొలుసు కప్పుకుని,
నడుమ సన్నటి చీకటి గీతతో పడుకుంది.
పరీక్షలో రాదని వదిలేసిన వాక్యం ఒకటి
ఇరవయ్యేళ్ల తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చింది:
ఊపిరితిత్తిలో వెంట్రుకలు మొలవొచ్చు.

స్కానింగులో, ఎడమ పైభాగాన, బత్తాయంత గడ్డ.
కొవ్వు నల్లగా, సున్నం తెల్లగా.
అయినా పేరు పెట్టడానికి తొందరపడకూడదు,
ఇలాంటివి ఎక్కువగా వేరేచోట పుట్టి ఇక్కడికి వలసొస్తాయి.
అండాశయాలు చూశాం.
గుండె ముందరి సందు చూశాం.
నెత్తుట్లో ఆల్ఫా ఫీటో ప్రొటీను కొలిచాం.
లేదు, లేదు, లేదు అని రాసుకుంటూ పోతే
ఉన్నచోటు ఒక్కటే మిగిలింది.

ఫార్మలిన్ డబ్బాలో వచ్చిన గడ్డని కోశాను.
ముద్ద కొవ్వు. దువ్వెన ఎరగని చిక్కు.
ఒక మూల, బియ్యపు గింజంత పన్ను.
మైనంలో పోసి, పొరలు పొరలుగా చెక్కి,
ఊదా, గులాబీ రంగులద్ది
రెండు రాత్రులు పచ్చి కణం కోసం గాలించాను.
చర్మం ఉంది, చెమట గ్రంథి ఉంది, మెత్తటి ఎముక ఉంది.
పచ్చి కణం దొరకలేదు.
రాశాను: "ఎదిగిన టెరటోమా. ఊపిరితిత్తిలోనే పుట్టింది. క్యాన్సర్ కాదు."

పన్ను సంగతి విని నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది,
కుట్లు లాగితే ఆపేసింది.
"జుట్టు నాదేనా అండి?"
"నీదే. నువ్వు అమ్మ కడుపులో ఉన్నప్పుడు
ఒక కణం దారి తప్పింది."
కాసేపు ఊరుకుంది.
"రింగులెందుకు రాలేదండి మరి?"
నాకు తెలీదన్నాను.

అగ్గిపెట్టె ఇచ్చెయ్యమని అడగలేదు.
నా సొరుగులో ఉంది, పాత స్లైడు పక్కన.
స్లైడు మీద రాసింది కొట్టెయ్యలేదు నేను.
కింద ఇంకో వరస చేర్చాను, అదే పచ్చ ఇంకుతో:
"పీచు కాదు.
గుర్తించినవారు: ఎన్. ఎస్తేరు, పీచు మిల్లు."