ఏడో నంబరు

ఊరి పేరు డబ్బో. జేబులో లేనిదీ అదే.
పాత సామాన్ల కొట్లో నాలుగు డాలర్లకి
ఒక్క ఐరన్, ఏడో నంబరు;
పిడికి ఎవరిదో చెమట వాసన.

ఊరవతల కోర్సుకి కాపలా లేదు.
గేటుకో రేకు డబ్బా, మన నిజాయితీ కొద్దీ చిల్లర.
పది వెయ్యాలి. ఐదు వేస్తాను,
పొదల్లో పోయిన బంతులేరి డబ్బా పక్కన పెట్టి
బాకీ తీరుస్తాను.
గ్రీనంటే గడ్డి కాదు, నూనె కలిపిన ఇసుక.
ఆడాక మన అడుగులు మనమే చెరపాలి.

రాత్రి, కార్పెట్ మీద
అడ్డంగా పడుకోబెట్టిన స్టీలు గ్లాసు.
బంతి లోపల టంగుమంటే
కింది వాటా బెరిల్ చీపురుకర్రతో కప్పు పొడుస్తుంది.

నిన్న వరసగా పదకొండు మోగాయి.
పన్నెండోది తప్పింది.
కాసేపు నిశ్శబ్దం.
కింద నుంచి ఒక్కసారి, మెల్లగా,
చీపురుకర్ర.