మొగ్గ అని రాసిన చీటీ

కాలేజీ మ్యూజియంలో, వృక్షశాస్త్రం బీరువా కింది అరలో
ఎవరో చలికొండల నుంచి తెచ్చిన సిందూరపు కొమ్మ.
మెడకు దారం, దారానికి చీటీ:
"మొగ్గలతో."

సిందూరం చెట్టు నేనెప్పుడూ చూడలేదు.
అనంతపురంలో పుట్టినదాన్ని.
నాకు తెలిసిన చెట్లకు
ముళ్లయినా ఉంటాయి, నీళ్ల బాకీ అయినా ఉంటుంది.

ఒక మొగ్గకు సూది తగిలించాను.
మిరియంలా పగిలింది.
లోపల రేకు లేదు, కేసరం లేదు,
పిండిలాంటి దుమ్ము,
పొదిగి వెళ్లిపోయిన గుడ్ల పెంకులు.
నలభై ఏళ్లు మొక్కల లెక్కలో ఉన్నది
ఒక తల్లి.

ఎవరినీ మోసం చేయాలని కాదు,
కడుపు నిండేసరికి ఆ ఆకారం వచ్చింది.
చచ్చిపోయాక కూడా
పిల్లల మీద మూతలా నిలబడింది.
చూసినవాళ్లు మొగ్గన్నారు, గింజన్నారు,
నలిపి ఎర్రరంగు తీసి బట్టలకద్దారు.
పురుగని ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

అర మార్చాలి. ఎక్కడికి?
పుస్తకం అర్ధరెక్కల వర్గంలో వేయమంటుంది.
మంచంకోళ్లలో నల్లి, శెనక్కాయ ఆకు కింద పేనుబంక
ఈమెకు దాయాదులు.
సూదిలాంటి నోటిని చూసి కట్టిన చుట్టరికం అది.
అర్ధరెక్క మాట దేవుడెరుగు,
ఈమెకు రెక్క మొలకే లేదు.

ఆ మధ్యాహ్నమే కుళ్లాయప్ప వచ్చాడు, గార్లదిన్నె దగ్గర తోట.
తువ్వాలలో చుట్టిన చీనీకొమ్మ
నా రిజిస్టరు మీద పెట్టాడు.
"సెట్టుకు గజ్జి లేసిందమ్మణ్నీ. గోకితే రాల్తాంది,
మల్లా నెలకు అట్లనే."
భూతద్దం ఇచ్చాను.
ఆవగింజలో సగం లేని డాలు, దాని కింద
పసుపుపచ్చగా, కళ్లూ కాళ్లూ లేని ఒక ప్రాణం.
"ఇది ఆడది," అన్నాను.
"మరి మొగోడు?"
"రెక్కలుంటాయి. నోరుండదు. ఒకటి రెండు రోజులు బతుకుతాడు."
"మా బామ్మర్ది మాదిరే," అని నవ్వి,
"నోటి సంగతి తప్ప," అన్నాడు.

పేరేందని అడిగాడు. నాలుగు రోజులాగమన్నాను.
పేరు చెప్పాలంటే ఆమెను క్షారంలో ఉడకబెట్టాలి,
కడుపులోదంతా వెళ్లిపోయి
ఒట్టి తోలు మిగలాలి.
ఆ తోలుకు గులాబిరంగు పట్టించి, గాజుపలకల నడుమ పరిచి
తోకకొసన పలక మీద రంధ్రాలు లెక్కపెట్టాలి.
పట్టికలన్నీ ఆడవాటివే, మగవాటి కోసం ఎవరూ రాయలేదు.
వంశం ఆడదాని పేరు మీదే నడుస్తుంది ఇక్కడ,
ఆమె ఖాళీ అయ్యాక.

ఇదంతా చెప్పలేదు. రసాయనం పరీక్ష అన్నాను.

లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.
"కాళ్లు లేనిది మా తోటకెట్ల వచ్చె?"

"పుట్టినప్పుడు ఆరుంటాయి. ఒకరోజు తిరుగుతుంది.
గాలి లేపుకుపోతే పోతుంది.
నచ్చినచోట నోరు దించాక
మొదటి కుబుసంతో పాటే కాళ్లు ఊడిపోతాయి.
ఆ కుబుసాన్నే ఇంటికప్పులో కలిపి కట్టుకుంటుంది."

కొమ్మను కాసేపు తిప్పి తిప్పి చూశాడు.
"అయితే గాలికి కొట్టల్లనా మందు?"

ఆషాఢం. కిటికీ రెక్క కొట్టుకుంటోంది.
నూనెమందు ఏదో రాసిచ్చాను.
చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ
నమ్మినట్టు లేడు.

సాయంత్రం పాతచీటీ చింపబోయి చింపలేదు.
"మొగ్గలతో" కింద "కాదు" అని రాశాను.
జంతుశాస్త్రం బీరువా తాళం రంగస్వామి దగ్గరుంది,
ఆయన సోమవారం దాకా రాడు.
కొమ్మను రెండు బీరువాల మధ్య బల్ల మీద ఉంచాను.

రిజిస్టరులో తారీకు వేస్తుంటే
సిరా ఆరని అక్షరం పక్కన
ఒక పసుపు చుక్క నడుస్తోంది.
ఆరు కాళ్లు.
బొటనవేలు ఎత్తాను.

లేచి, ఫ్యాను ఆపాను.