చెద తిన్న చోటు

చిత్తూరు సర్వే ఆఫీసు, రికార్డు గది.
మడతలు చిరిగి అడుగున గుడ్డ కనిపించే పటం.
అంగుళానికి మైలు లెక్కన
భాకరాపేట కొండలన్నీ నా బల్ల మీద పరిచాను.

గోధుమరంగు గీతలు,
ఎండిపోయే వంకలకు తెగి తెగి సాగే నీలం,
కొండ కొసన చిన్న త్రికోణం, పక్కన ఎత్తు.
ఆ అంకెలో చివరిది ఏడో ఒకటో
పదకొండేళ్లుగా నాకు తేలలేదు.

మునెక్కకు చదువు రాదు.
అడివి పట్టా కోసం ఇది నాలుగోసారి రావడం,
బస్సు టికెట్లన్నీ కొంగున ముడేసుకుని.
పాత పటంలో ఊరుంటేనే అర్జీ నిలబడతాదని
ఎవరో చెప్పినారంట.

"ఈ గీతలేంది సామీ?"
ఒక గీత పొడుగునా ఒకటే ఎత్తు, అన్నాను.
కాసేపు చూసింది.
గీతలు ఇరుక్కున్న చోట వేలు పెట్టి
"ఈడ మేకలు గూడా ఎక్కవు.
మా మామ తేనెకు దిగి, తాడు తెగి, పొయ్యింది ఈడే."
గీతలు ఎడమైన చోట
"ఇది మేం కొర్ర చల్లిన మిట్ట."
పటంలో అక్కడ 'ముళ్లపొద' అని ఉంది.

ఏ నీలమూ లేని చోట వేలు రెండుసార్లు తట్టి
"బండ కింద ఊట. నడెండలో గూడా దోసెడొస్తాది."
గొలుసు మోసినోళ్లు ఆ నీళ్లు తాగే ఉంటారు.
దొరకు చెప్పలేదేమో.
చెప్పినా రాయలేదేమో.

"మరి మీ ఊరు?"
వేలు వంక దాటింది, ఎడమకు మళ్లింది, ఆగింది.
ఆగిన చోట కాగితం లేదు.
చెద తిన్న బెజ్జం, చింతగింజంత.
వేలి కొస నా బల్లచెక్కకు తగిలింది.
"ఇదే."

అక్కడేముండేదో ఇప్పుడెవరికి తెలుసమ్మా
అనబోయి, నీళ్లు తాగాను.

నకలుకు చలానా కట్టొచ్చింది.
మా జిరాక్సు మిషను మూత విరిగి ఏడాది.
బెజ్జం వెనక తెల్లగా ఏమీ లేదు కాబట్టి
బెజ్జం నల్లగా పడింది,
నిండుగా, గుండ్రంగా.

పటం కింది అంచున గుర్తుల పట్టీ:
నల్లచుక్క అంటే గుడిసెలు.

నేనేమీ గీయలేదు.
'అసలుకు సరియైన నకలు' అని రాసి, సంతకం పెట్టి
గుండ్రటి సీలు వేశాను,
చుక్క మీద పడకుండా చూసుకుని.