కొబ్బరికాయకు మూడు 'నా'లు

మలకులా ఉత్తరపు ఒడ్డున కొప్రా పడవ నన్ను దించేసరికి
నా దగ్గరున్నవి ఒక టేపు రికార్డరు, ఎనిమిది బ్యాటరీలు,
ఫిజీ నుంచి మోసుకొచ్చిన కాస్త గర్వం.
"మీ భాషా మా భాషా పినతల్లి బిడ్డలు" అన్నాను బిస్లామాలో.
లేసెరూ యామ్ దుంప చెక్కుతూ తలెత్తలేదు.
"పినతల్లి ఇంటికొచ్చిన పిల్ల
ముందు నీళ్ళు మోస్తుంది" అంది.

మోశాను.

మొదటి పాఠం కొబ్బరికాయ.
కోరుకు తినేదైతే ఒక 'నా',
కొట్టుకు తాగేదైతే ఇంకో 'నా',
బస్తాకెత్తి అమ్మేదైతే మూడోది.
చేతికీ కంటికీ అమ్మకీ మాత్రం విడిగా 'నా' లేదు,
మాటకే చర్మంలా అతుక్కుని ఉంటుంది,
ఒలిచి చూపించమంటే లేసెరూ నవ్వింది.
ఇదేం నాకు కొత్త కాదు, రేవా నది పక్కన మా అమ్మమ్మా ఇలాగే అనేది.
అయినా రాసుకున్నాను.
రాసుకుంటే తప్ప వినపడని చదువు నాది.

మనం వేరు, మేము వేరు అని తెలియని ఇంగ్లీషులో థీసిస్ రాశాను,
ప్రతి పేజీలో ఆ భాష తరఫున సంజాయిషీ ఇచ్చుకుంటూ.

తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు
చుక్కలతో కాపురం.
ఎవరి చెవీ వినని మాటకి ముందు చుక్క పెట్టాలి,
మా వృత్తిలో అదొక మర్యాద.
మూడు వేల ఏళ్ళనాడు ఏదో పడవలో ఎవరో అన్న మాట
నలభై దీవుల్లో పెంకులై పడుంటే
ఏరి, అంచులు కలిపి, ఇలా ఉండి ఉంటుందని అతికించి
ముందొక చుక్క.
చుక్క పెట్టి లిమ, చెయ్యి. ఐదు కూడా.
చుక్క పెట్టి మత, కన్ను.
వాళ్ళు చుక్కలు చూసుకుంటూ తూర్పుకి తెడ్డేశారు.
నేను చుక్కలు పెట్టుకుంటూ
ఎదురు తెడ్డేశాను.

ఒకే ఒక్క అచ్చు మీద
ఆక్లాండు పెద్దాయన ఒకరితో పదకొండేళ్ళ తగాదా.
సదస్సుల్లో టీ బల్లకి ఆయన ఆ కొసన, నేను ఈ కొసన.
ఆయన పోయిన రెండో వానాకాలం తెలిసింది, ఆయన మాటే నిజమని.
ఎవరికి చెప్పను?
ఫుట్‌నోటుకి చెప్పాను.

వ్యాకరణం అచ్చయింది, నాలుగు వందల పన్నెండు పేజీలు.
తీసుకెళ్ళి లేసెరూ ఒళ్ళో పెట్టాను.
అప్పటికి ఆమె కళ్ళలో శుక్లాలు పొగమంచులా.
అట్ట తడిమింది, వాసన చూసింది,
పంది పిల్లని ఎత్తినట్టు బరువు చూసింది.
"నా పుస్తకం" అంది.
తినే 'నా'తో.

తప్పు దొర్లిందేమో అనుకున్నాను, ముసలితనం కదా.
పుస్తకానికి మూడో 'నా' రావాలి.
మనవడు మసింగ్ ఫోన్లోంచి తలెత్తి నవ్వుతున్నాడు, నా మీదే.

"నేను కట్టిన పాట వేరు, సేనీ,
నా మీద కట్టిన పాట వేరు.
నా జబ్బు, నా నింద, రేపొచ్చే నా చావు,
నేను చేసినవా?
నాకు జరిగినవి. తిన్నాను.
ఇదీ అంతే."

దెబ్బలు తిన్నట్టు, తిట్లు తిన్నట్టు.
మెప్పా అది, ఫిర్యాదా?
ఆ గొంతులో రెండిటికీ విడివిడి ప్రత్యయాలు లేవు.

మా అమ్మమ్మ నోట విన్న వాడుకే ఇది.
ఈ ఒడ్డున మాత్రం నశించిందని
నూట ఎనభై ఏడో పేజీలో తీర్పు చెప్పింది నేనే.
ముప్పై ఏళ్ళూ నేనడిగినవి కొబ్బరికాయలు,
వాళ్ళు చెప్పినవీ కొబ్బరికాయలే.
నీకేం జరిగింది లేసెరూ అని
ఒక్క టేపులోనూ అడగలేదు.

రెండో ముద్రణ ఉండదని ప్రచురణకర్తలు ఉత్తరం రాశారు.
నా ప్రతిలో ఆ వాక్యం పెన్సిలుతో కొట్టేశాను.
ఆమె అన్నది మార్జిన్లో రాస్తూ
అలవాటు కొద్దీ ముందు చుక్క పెట్టబోయి
చెయ్యి ఆగింది.

విన్నాను కదా.